నల్లటి మూస్... నలుపు తెలుపుల్లో

డెన్వర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మన పాఠకుడొకరు మెయిల్లో పదకొండు ఫొటోలు పంపారు. కొలరాడో కొండల్లో మంచు పడ్డాక తీసినవి. తెల్లటి మైదానం, వెనక నిటారుగా పైన్ చెట్లు, మధ్యలో నాలుగు కాళ్ల నల్లటి ఆకారం. 'మా అమ్మ ఈ ఫొటో చూసి, మన గేదె అక్కడికెలా వచ్చిందిరా అని అడిగిందండీ. అది మూస్. ఎదురుగా చూసినప్పుడు ఎంత బాగుందో చెప్పలేను. ఫొటోలో మాత్రం బొగ్గుముద్దలా పడింది. రంగులు తీసేసి నలుపు తెలుపు చేస్తే అందం వస్తుందేమోనని చేశాను. ఇంకా పాడైంది. ఏం చేయాలి?' అని అడిగారు.

ఆ అమ్మగారిని తప్పుపట్టడానికి లేదు. కొమ్ములు రాలిపోయిన మగ మూస్ దూరం నుంచి అచ్చం గేదెలాగే ఉంటుంది. కానీ ఇది జింకల జాతిది. జింకలన్నిటిలోకీ పెద్దది. మన అడవుల్లో పెద్ద జింక అంటే కణితి. మూడువందల కిలోలు తూగిందంటే అది గొప్ప కణితే. అలాస్కాలో మగ మూస్ ఆరువందల కిలోలు దాటుతుంది. భుజం దగ్గరే ఆరడుగులు పైబడిన ఎత్తు. భుజాల మీద మూపురం, గొంతు కింద గంగడోలులా వేలాడే తోలు, ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద మూతి, అరచేతుల్లా విచ్చుకున్న కొమ్ములు. ఏ భాగానికా భాగం చూస్తే వికారమే. అన్నీ కలిసి పొద్దున్నే పొగమంచులో నిలబడితే మాత్రం కళ్లు తిప్పుకోలేం.

దీని ఒళ్లు ముదురు గోధుమ. కొన్నిటికి దాదాపు నలుపే. కళ్లూ నలుపే. నల్లటి మొహంలో నల్లటి కళ్లు, చుట్టూ తెల్లటి మంచు. ఫొటోగ్రాఫర్‌కి ఇంతకన్నా కష్టమైన లెక్క ఇంకోటి ఉండదు. ఒకప్పుడు మన ఊళ్లలో నలుపు తెలుపు స్టూడియోలు నడిపినవాళ్లకి ఈ లెక్క బాగా తెలుసు. చామనఛాయకన్నా ఒక వాసి ముదురుగా ఉండే పెళ్లికొడుకు, మల్లెపువ్వులాంటి పంచె, మిట్టమధ్యాహ్నం ఎండ! పంచె మడతలు కనపడాలంటే మొహం మసైపోతుంది. మొహం కనపడాలంటే పంచె కాగితంలా తెల్లబడిపోతుంది. పెళ్లికొడుకునైతే అరుగు నీడలోకి పిలవొచ్చు. మూస్‌ని పిలవలేం కదా!

మీటరుకి తెలియని సంగతి

కెమెరాలో ఉండే లైట్ మీటరుకి మూస్ తెలియదు, మంచు తెలియదు. ఎదురుగా ఏమున్నా అది నడిమిరకం బూడిదరంగే అనుకుని లెక్క కడుతుంది. కొత్త కెమెరాలు కాస్త తెలివైనవే కానీ మూలం మాత్రం అదే. ఫ్రేము నిండా మంచు ఉంటే 'అమ్మో ఎంత వెలుతురో' అని బెదిరి వెలుగు తగ్గించేస్తుంది. మంచు మురికి బూడిదరంగులోకి దిగుతుంది. అప్పటికే నల్లగా ఉన్న మూస్ ఇంకా కిందికి, ఏ వివరమూ లేని చీకట్లోకి పోతుంది. మన పాఠకుడి పదకొండు ఫొటోల్లో తొమ్మిదింటికి ఇదే జబ్బు.

మందు సులువే. మంచులో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని ప్లస్ వైపు ఒక స్టాప్, అవసరమైతే ఒకటిన్నర జరపండి. హిస్టోగ్రామ్ చూస్తూ జరపండి. కుడివైపు గోడకి తగిలీ తగలనట్టు ఆగితే మంచులో వివరం నిలుస్తుంది, మూస్ ఒంటి మీద వెంట్రుకలూ దక్కుతాయి. జేపెగ్ కాకుండా రా ఫైలుగా తీయండి. నీడల్లో దాగిన వివరాన్ని తర్వాత పైకి లాగడానికి అందులోనే చోటుంటుంది. అయితే చీకట్లోంచి బలవంతంగా లాగిన వివరంతోపాటు ఇసక చల్లినట్టు చుక్కలూ వస్తాయి. అందుకే కెమెరా దగ్గరే సరిచూసుకోవడం మేలు.

అదే మూస్ దగ్గరగా ఉండి ఫ్రేము నిండా దాని నల్లటి ఒళ్లే ఉంటే సంగతి తిరగబడుతుంది. ఇప్పుడు మీటరు 'అయ్యో చీకటి' అనుకుని వెలుగు పెంచేస్తుంది. మూస్ పాలిపోయిన మట్టిరంగులో వస్తుంది. అప్పుడు మైనస్ వైపు జరపాలి. సూత్రం బట్టీపట్టి లాభం లేదు. ఫ్రేములో ఏది ఎక్కువ ఉందో చూసుకుని వేలు కదపాలి.

దీన్ని సాధన చేయడానికి కొలరాడో దాకా వెళ్లక్కర్లేదు. ఊళ్లో గేదె ఉంది. సున్నం కొట్టిన గోడ ముందు కట్టేసిన గేదెని పొద్దున ఏడింటికి ఓసారి, మధ్యాహ్నం ఓసారి, సాయంత్రం ఓసారి తీసి చూడండి. చెరువులోంచి లేచి ఒళ్లు మెరుస్తున్నప్పుడు తీయండి. వీపు మీద తెల్లకొంగ వాలినప్పుడు తీయండి. కొంగ ఈకా గేదె వెంట్రుకా ఒకే ఫొటోలో కనపడిన రోజు మీరు మూస్‌కి సిద్ధమైనట్టే. సెలవులకి అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దలకీ, ఇక్కడి నుంచి పెద్ద లెన్సులు మోసుకెళ్లే కుర్రాళ్లకీ నేను చెప్పే మొదటి పాఠం ఇదే.

ఎప్పుడు, ఎక్కడ

మూస్‌కి చలి లెక్కలేదు. వేడే పడదు. వేసవిలో 14 డిగ్రీలు దాటితేనే దానికి ఉక్కపోత మొదలవుతుందని కెనడాలో చేసిన పరిశోధనలు చెప్పాయి. చలికాలపు దళసరి బొచ్చుతో ఉన్నప్పుడైతే సున్నాకి ఐదు డిగ్రీలు కిందే దానికి హద్దు! మన డిసెంబరు రాత్రి దానికి రోహిణికార్తె అన్నమాట. అందుకే ఎండెక్కగానే చెట్ల నీడల్లోకో నీళ్లలోకో జారుకుంటుంది. ఫొటో కావాలంటే తెల్లవారకముందే అక్కడుండాలి. లేదా పొద్దువాలాక. వెలుగు తక్కువ, లెన్స్ పొడవు ఎక్కువ. కాబట్టి ట్రైపాడ్ తప్పదు. నిలబడి నెమరువేస్తున్న మూస్‌ని సెకనులో నూట ఇరవయ్యైదో వంతు వేగంతోనైనా తీయొచ్చు. నడుస్తుంటే ఐదువందలో వంతు ఉండాలి.

కొలరాడోలో ఈ జంతువులు ఇన్ని ఉండటమే ఒక కథ. ఒకప్పుడు అక్కడ స్థిరంగా మూస్‌లు లేవు. అప్పుడప్పుడూ వ్యోమింగ్ వైపు నుంచి ఒకటీ అరా దారితప్పి వచ్చేవి. 1978లో యూటా, వ్యోమింగ్‌ల నుంచి తెచ్చి నార్త్ పార్క్ అనే ఎత్తైన లోయలో వదిలారు. అవి పెరిగి ఇప్పుడు దాదాపు మూడు వేలకు చేరాయి. రాకీ మౌంటెన్ నేషనల్ పార్కుకి పడమటి దిక్కున ఉన్న కవునీచీ లోయలో విల్లో పొదల మధ్య పొద్దున్నే కనపడతాయి. ఇంకా పైకి, వ్యోమింగ్‌లోని గ్రాండ్ టీటన్ పార్కులో గ్రోవాంట్ నది ఒడ్డు ఫొటోగ్రాఫర్లకి పుణ్యక్షేత్రం లాంటిది. తూర్పున మెయిన్ రాష్ట్రంలో బాక్స్‌టర్ పార్కులోని శాండీ స్ట్రీమ్ చెరువు. కెనడాలో టొరంటో వాళ్లకి అల్గోంక్విన్ పార్కు. చలికాలంలో మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పు పక్క గుంటల్లో చేరుతుంది. దాన్ని నాకడానికి వసంతంలో అక్కడ రోడ్డు పక్కకే వస్తాయి.

కొమ్ములున్న పోర్ట్రెయిట్ కావాలంటే సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్యదాకా వెళ్లాలి. వేసవంతా మఖమలు గుడ్డ చుట్టినట్టుండే కొమ్ములు ఆగస్టు చివరికి గట్టిపడతాయి. ఆ పొర చీలికలై వేలాడుతుంటే చెట్లకేసి రాసి వదిలించుకుంటుంది. ఆపైన జతకట్టే కాలం. డిసెంబరు, జనవరిల్లో కొమ్ములు రాలిపోతాయి. వసంతంలో మళ్లీ మొలుస్తాయి. అంతంత కొమ్ములు ఏటా కొత్తవి!

ఇక్కడ ఒక చిక్కు. ఒళ్లు నలుపు కాబట్టి దాని వెనక తెల్లగా ఉండాలి. కొమ్ముల కొసలు రాసిరాసి తెల్లబడి ఉంటాయి కాబట్టి వాటి వెనక నల్లగా ఉండాలి. ఆకాశం వెనకొస్తే కొమ్ములు మాయం, అడవి వెనకొస్తే ఒళ్లు మాయం. రంగుల ఫొటోలో ఈ ఇబ్బంది తెలియదు. పసుపు ఆకుల ముందు గోధుమ ఒళ్లు విడిగా కనపడుతుంది. రంగు తీసేయగానే రెండూ ఒకే బూడిదలో కలిసిపోతాయి. నలుపు తెలుపు ఫొటో తీయాలనుకునేవాళ్లు అక్కడ నిలబడ్డప్పుడే రంగులు మరచిపోయి వెలుగూ చీకట్లనే చూడాలనేది ఇందుకే. మూస్ కదలకపోతే మీరు కదలండి. పక్కకి నాలుగడుగులు వేస్తే ఒంటి వెనకకి మంచు వాలు, తల వెనకకి పైన్ చెట్ల చీకటి వచ్చే చోటు ఒకటి దొరుకుతుంది. ఒక్కోసారి దొరకదు. అప్పుడు కెమెరా దించి చూస్తూ కూర్చోండి. అదీ బాగానే ఉంటుంది.

ఇరవయ్యైదు గజాలు

నాలుగడుగులు పక్కకి అన్నాను, ముందుకి అనలేదు. మూస్‌ని చూస్తే ఎవరికీ భయం వేయదు. అదే ప్రమాదం. ఎలుగుబంటిని చూస్తే కారెక్కేవాళ్లు కూడా మూస్‌ని చూసి సెల్ఫోన్ పట్టుకుని దగ్గరికి పోతారు. అలాస్కాలో ఏటా ఎలుగులకన్నా మూస్‌ల వల్ల గాయపడేవాళ్లే ఎక్కువ. గంటకి 55 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తే జంతువు ముందుకాళ్లతో తంతే ఏమవుతుందో ఊహించుకోండి. గ్రాండ్ టీటన్‌లో మూస్‌కి 25 గజాలు, ఎలుగులకీ తోడేళ్లకీ 100 గజాల దూరం పాటించాలని నిబంధన. నన్నడిగితే పిల్లతో ఉన్న తల్లికి, సెప్టెంబరులో మగదానికి ఆ 25 చాలదు. రెండింతలు ఉంచండి. లెన్సులు ఉన్నది అందుకే కదా! నాలుగువందలు, ఆరువందల మిల్లీమీటర్ల లెన్సుతో దూరం నుంచే మొహం నిండుగా వస్తుంది.

చెవులు వెనక్కి వాల్చిందా, మూపురం మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయా, తల దించి పెదాలు నాక్కుంటోందా... ఫొటో సంగతి వదిలేయండి. మీదికొస్తే నిలబడి ఎదిరించకూడదు. పరుగెత్తి లావుపాటి చెట్టు వెనక్కో కారు వెనక్కో పోవాలి. ఎలుగుబంటి ఎదురైతే పరుగెత్తొద్దంటారు. మూస్ విషయంలో పరుగే మంచిది. కుక్కని వెంట తీసుకెళ్లొద్దు. మూస్ కంటికి కుక్క అంటే తోడేలు చుట్టమే.

ఇంకో మాట. నడి చలికాలంలో దానికి తిండి ఎండు పుల్లలే. ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూ వసంతందాకా నెట్టుకురావాలి. లోతైన మంచులో దాన్ని ఒక్కసారి పరుగెత్తించడం అంటే ఆ దాచుకున్న మూటలోంచి కొంత లాక్కోవడమే. మంచి పోర్ట్రెయిట్‌లో మూస్ మిమ్మల్ని పట్టించుకోకుండా ఉంటుంది. చెవులు రెండూ మీవైపే గురిపెట్టి కళ్లు పెద్దవి చేసి చూస్తున్న ఫొటోకి ఇంటర్నెట్‌లో లైకులు ఎక్కువ రావచ్చు. తెలిసినవాళ్లు మాత్రం దాన్ని చూడగానే 'బాగా దగ్గరికి పోయావన్నమాట' అంటారు.

పేరు పెట్టించుకున్న ఫొటోగ్రాఫర్

రాకీ పర్వతాల్లో ఉండే మూస్ రకానికి షైరస్ మూస్ అని పేరు. అది ఒక ఫొటోగ్రాఫర్ పేరంటే నమ్ముతారా? జార్జ్ షైరస్ అమెరికా పార్లమెంటులో ఒక దఫా సభ్యుడు. తండ్రి సుప్రీంకోర్టు న్యాయమూర్తి. కుర్రతనంలో వేటగాడు. తర్వాత తుపాకీ పక్కన పెట్టి కెమెరా పట్టాడు. పడవ ముందు దీపం పెట్టుకుని రాత్రిపూట చప్పుడు లేకుండా జింకల దగ్గరికి పోయే పద్ధతి ఒకటి ఒజిబ్వే ఆదివాసుల వేటలో ఉండేది. షైరస్ దాన్నే తీసుకుని, బాణం బదులు మెగ్నీషియం పొడి వెలిగించి ఫొటో తీశాడు. దారానికి కాలు తగలగానే జంతువు తన ఫొటో తానే తీసుకునే ఏర్పాటూ చేశాడు. ఇప్పుడు మన అడవుల్లో పులుల్ని లెక్కించే కెమెరా ట్రాపులకి అది తాతగారు.

ఆ ఫొటోలకి 1900లో పారిస్ ప్రదర్శనలో బంగారు పతకం వచ్చింది. 1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఒకే సంచికలో ఆయన ఫొటోలు 74 అచ్చువేసింది. అన్నీ నలుపు తెలుపే. భూగోళం పత్రికలో జంతువుల బొమ్మలేమిటని ఆ సంస్థ బోర్డులో ఇద్దరు రాజీనామా చేశారంటారు. ఆ తర్వాత ఆ పత్రిక ఏ బొమ్మలతో పేరుతెచ్చుకుందో మనకి తెలిసిందే! ఎల్లోస్టోన్ నది పైభాగంలో మూస్‌లు పెద్దసంఖ్యలో ఉన్నాయని బయటి ప్రపంచానికి చెప్పిందీ ఆయనే. 1914లో ఆ రకానికి శాస్త్రవేత్తలు ఆయన పేరు పెట్టారు. అన్నట్టు, ఆయన పద్ధతిని ఇప్పుడు అనుకరించకండి. అమెరికాలోని చాలా జాతీయ పార్కుల్లో రాత్రిపూట జంతువుల మీద లైటు వేసి చూడటమే నేరం.

మన దగ్గరా అలాంటి మనిషి ఒకరున్నారు. మద్రాసుకి చెందిన ఎం. కృష్ణన్. 1912లో పుట్టి 1996లో పోయారు. దక్షిణాది అడవుల్లో ఏనుగుల్ని, అడవిదున్నల్ని జీవితమంతా నలుపు తెలుపుల్లోనే తీశారు. రంగుల ఫిల్ము వచ్చినా మారలేదు. ముక్కలు ముక్కలుగా తెచ్చి కలిపిన తన కెమెరాకి 'సూపర్ పాండెరోసా' అని పేరు పెట్టుకున్నారు. కలకత్తా స్టేట్స్‌మన్‌లో 1950 నుంచి చనిపోయేదాకా, అంటే 46 ఏళ్లు, ప్రకృతి మీద కాలమ్ రాశారు. వారం వారం రాసేవాళ్లకి ఆ సంఖ్య వింటేనే గుండె దడ!

రంగు తీస్తే సరిపోదు

ఇప్పుడు కంప్యూటర్ ముందుకి వద్దాం. మన పాఠకుడు చేసింది ఏమిటంటే, రంగుల గాఢత మీటని సున్నాకి లాగేశారు. అది టీవీలో రంగు తగ్గించినట్టే. బూడిద బూడిదగానే ఉంటుంది.

ఫిల్ము రోజుల్లో లెన్స్ ముందు రంగు గాజు పెట్టేవాళ్లం. పసుపు గాజు పెడితే ఆకాశం కొంచెం ముదిరి మబ్బులు తేలేవి. నారింజ పెడితే ఇంకాస్త. ఎరుపు పెడితే మధ్యాహ్నం ఆకాశం కూడా తుఫాను ముందు ఆకాశంలా నల్లబడేది. గాజు తన రంగుని వెలిగిస్తుంది, ఎదుటి రంగుని అణుస్తుంది. లైట్‌రూమ్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఇప్పుడు ఆ గాజులన్నీ ఎనిమిది మీటలుగా మారాయి.

మూస్ ఒళ్లు నలుపులా కనపడినా అది ముదురు గోధుమ అని మొదట్లోనే చెప్పుకున్నాం. గోధుమలో ఉండేది నారింజే. నారింజ మీటని కొంచెం పైకి జరపండి. నల్లముద్దలోంచి మెడ మడతలు, మూపురం గుండ్రదనం, పక్కటెముకల మీది వెంట్రుకల వాలు నెమ్మదిగా పైకి తేలతాయి. ఇక మంచు. మంచులో నీడలు నీలంగా ఉంటాయి. నీలం మీటని కొద్దిగా కిందికి దించితే నీడలు చిక్కబడి గాలి చెక్కిన గీతలు, గిట్టల గుంటలు తెలుస్తాయి. కొద్దిగా అన్నానంటే కొద్దిగానే. ఎక్కువ లాగితే అంచుల చుట్టూ తెల్లటి గీత వస్తుంది, ఆకాశంలో చుక్కలు లేస్తాయి.

ఏన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే ఇద్దరు 1940 ప్రాంతంలో నలుపు నుంచి తెలుపు దాకా ఉన్న మెట్లకి సున్నా నుంచి పది వరకు అంకెలు వేశారు. సున్నా అంటే కటిక చీకటి. పది అంటే ఉత్త కాగితం. మూస్ ఒళ్లు రెండు, మూడు మెట్ల మీద నిలవాలి. మంచు ఎనిమిది దగ్గర. సున్నా, పది చాలా కొంచెం చోట ఉండాలి, ముక్కుపుటాల లోపల, మంచు మీద మెరిసే రేణువులో. ఈ అంకెలు మనసులో పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ఆడమ్స్ 1942లో టీటన్ పర్వతాల్నీ స్నేక్ నదినీ తీసిన ఫొటో ఎక్కడైనా దొరికితే చూడండి. 1977లో వాయేజర్ నౌకల్లో అంతరిక్షానికి పంపిన బొమ్మల్లో అదీ ఒకటి. మూస్‌లు తిరిగే చోటే అది. నది వంపు ఏ మెట్టు మీద ఉంది, అడవి ఏ మెట్టు మీద ఉందని వేలితో లెక్కపెట్టుకుంటూ చూస్తే అరగంట ఇట్టే గడిచిపోతుంది.

తర్వాత కన్ను. పోర్ట్రెయిట్ అనిపించుకునేది కంటితోనే. మూస్ కంట్లో ఆకాశం తాలూకు చిన్న తెల్లచుక్క లేకపోతే ఎంత చేసినా అది గోడకి తగిలించిన బొమ్మ తలలాగే ఉంటుంది. ఆ చుక్కని కంప్యూటర్లో పెట్టకండి. అది తల కొంచెం ఎత్తి వెలుగువైపు తిప్పేదాకా ఆగితే దొరుకుతుంది. దొరికిన చుక్కని కొంచెం వెలిగించడం వరకు పర్వాలేదు. అలాగే మూతి మీద వెలుగు ఒక పిసరు పెంచడం, ముందున్న పుల్ల తెల్లగా మెరిసి కన్ను లాగేస్తుంటే దాన్ని కాస్త ముదురు చేయడం, ఇవి డార్క్‌రూమ్‌లో అట్టముక్కతో, చేతివేళ్లతో చేసినవే.

క్లారిటీ అనే మీట జోలికి ఎక్కువ పోవద్దు. వెంట్రుకలు గీసినట్టు కనపడతాయని అందరూ దాన్ని చివరిదాకా లాగుతారు. మూస్ ఇనప తీగలతో చేసినట్టు తయారవుతుంది. కంప్యూటర్ తెర మీద బాగున్నది కాగితం మీద బాగుండాలనీ లేదు. మీ చేతిలో ఉన్న ఈ కాగితాన్నే చూడండి. న్యూస్‌ప్రింట్ సిరాని పీల్చి చుక్కని వెడల్పు చేస్తుంది. తెర మీద మూడో మెట్టున ఉన్నది ఇక్కడ ఒకటో మెట్టుకి జారుతుంది. మ్యాట్ కాగితం మీద ఒక చిన్న ప్రింటు వేయించి, కిటికీ దగ్గర పట్టుకుని చూసి, నీడలు ఎంత పైకి లేపాలో అప్పుడు తేల్చుకోండి.

చెరపకూడని మచ్చలు

పాత స్టూడియోల్లో రీటచింగ్ పెన్సిల్ అని ఒకటుండేది. నెగెటివ్‌ని అద్దం బల్ల మీద పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు చుక్కలుగా నింపేవారు. అమ్మవారు పోసిన మచ్చలు, మొటిమలు, కళ్ల కింద గుంటలు పోయేవి. పెళ్లిసంబంధానికి పంపే ఫొటో కదా! ఇప్పుడా పని మౌస్ ఒక్క నొక్కుతో అయిపోతోంది. మన పాఠకుడు పంపిన ఫొటోల్లో చివరిది, మార్చి నెలలో తీసింది, చూస్తే నాకు ఆ పెన్సిలే గుర్తొచ్చింది. మూస్ భుజం మీద బొచ్చు ఊడి తెల్లగా ఒక అట్ట కట్టింది. 'దీన్ని క్లోన్ చేసి తీసేయమంటారా?' అని అడిగారు.

తీయొద్దండీ.

భుజాల మీద, మెడ మీద బొచ్చు ఇలా ఊడటానికి ముఖ్య కారణం పిడుదులు. కొన్ని జిల్లాల్లో గోమార్లంటారే, ఆ జాతివే. మన పశువుల్ని పట్టేవాటికి ఇవి చుట్టాలు. శీతాకాలపు పిడుదు అంటారు వీటిని. శరదృతువులో పిల్ల పిడుదులు వేలసంఖ్యలో ఒకదాని కాలు ఒకటి పట్టుకుని గడ్డి కొసల మీద గుత్తుల్లా వేలాడుతూ ఎదురుచూస్తాయి. మూస్ రాసుకుంటూ పోగానే గుత్తికి గుత్తి ఎక్కేస్తుంది. చలికాలమంతా దాని ఒంటి మీదే ఉండి మార్చి, ఏప్రిల్‌కి రక్తం తాగి ఉబ్బి నేలమీద రాలతాయి. ఆ దురదకి మూస్ చెట్లకేసి రాసుకుని, పళ్లతో పీక్కుని ముదురు బొచ్చంతా ఊడగొట్టుకుంటుంది. మిగిలేది పాలిపోయిన వెంట్రుక మొదళ్లు, ఉత్త తోలు. అలా తెల్లబారిన మూస్‌ని అమెరికాలో దయ్యం మూస్ అంటారు.

ఈ పిడుదులు ఎప్పటినుంచో ఉన్నవే. మారింది చలికాలం. మంచు తొందరగా పడితే గడ్డి మీద ఎదురుచూస్తున్నవి చచ్చిపోయేవి. ఏప్రిల్లో నేలమీద మంచుంటే రాలినవీ చచ్చిపోయేవి. ఇప్పుడు మంచు ఆలస్యంగా వచ్చి పెందలాడే పోతోంది. న్యూహాంప్‌షైర్, మెయిన్ రాష్ట్రాల్లో 2014 నుంచి 2016 వరకు రేడియో పట్టీలు కట్టి గమనించిన మూస్ పిల్లల్లో నూటికి డెబ్బై చనిపోయాయి. ఒక్కో పిల్ల ఒంటి మీద సగటున 47 వేల పిడుదులు! రక్తం ఆ వేగంతో పోతుంటే, పుల్లలు నమిలి బతికే పిల్ల దాన్ని పూడ్చుకోలేదు. ఈశాన్య మిన్నెసోటాలో 2006లో 8,800కు పైగా ఉన్నాయనుకున్న మూస్‌లు ఆ తర్వాత కొన్నేళ్లలోనే సగానికన్నా తక్కువకి పడిపోయాయి. అక్కడ పిడుదులతోపాటు మెదడుకి పట్టే ఒక పురుగు, తోడేళ్లు కూడా కారణమే. కొలరాడోలో పరిస్థితి అంత చెడలేదు.

కాబట్టి ఆ అట్ట మీద పెన్సిల్ పెట్టొద్దు. పైగా నలుపు తెలుపుల్లో అది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. రంగుల్లో అయితే ఎండిన గడ్డి రంగులో కలిసిపోయి 'మట్టి అంటిందేమో' అనిపిస్తుంది. నారింజ మీటని ఇందాక పెంచినంత పెంచకండి, పాలిపోయిన చోటు ఇంకా తెల్లబడి బొచ్చు లేనట్టే అయిపోతుంది. మంచి బొచ్చు మూడో మెట్టున, ఊడిన చోటు ఐదో మెట్టున ఉంటే రెండింటి తేడా సరిగ్గా ఉన్నది ఉన్నట్టు కనపడుతుంది. ఫైలులో తేదీ, చోటు, ఆడదా మగదా, పిల్ల వెంట ఉందా అన్నది రాసిపెట్టుకోండి. ఏడాది తర్వాత అదే లోయకి వెళ్తే పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది. ఆ అట్ట ఉన్నంత మాత్రాన అది చచ్చిపోతుందనీ అనుకోవద్దు. పెద్ద మూస్‌లు చాలావరకు తట్టుకుంటాయి. వేసవికి పాత బొచ్చు రాలి కొత్తది వస్తుంది. జులైలో నల్లగా నిగనిగలాడుతూ నీళ్లలోంచి తల పైకెత్తి, పెదాల నుంచి తామరకాడలు వేలాడుతుండగా నములుతూ కనపడుతుంది. అప్పుడు ప్రతి నీటిచుక్కా ఎనిమిదో మెట్టు మీద ఉంటుంది. మీటరుని మైనస్ వైపు తిప్పడం మరచిపోకండి.

వచ్చే వారం: వానాకాలం వెలుగులో మన చెరువులు, కొంగలు.